నాలుగు నిమిషాలు

కొనడం కూడా ఒకరు నేర్పాలా అని
అమ్మ నవ్వింది, నేను బస్సెక్కిన రోజు.
మోఖోట్లాంగ్ సంతలో ఆమె
దుప్పటి అంచు వేళ్ల మధ్య నలిపి
ఉన్ని ఎంతో, అబద్ధం ఎంతో చెప్పేస్తుంది.

తన డబ్బుతో కొనేవాళ్లకి వేళ్లు చాలు.
అందరి డబ్బుతో కొనాలంటే
ఆ వేళ్లకి తెలిసింది
కాగితానికీ తెలియాలి.

రేకుల గది. కిరసనాయిలు పొయ్యి.
భుజాల మీది దుప్పట్లు తీయకుండానే ఇరవై ముగ్గురం:
గుమాస్తాలు, స్టోర్ కీపర్లు, ఒక నర్సు,
గొర్రెల మందుల లెక్క రాసే టెబెలో.
సెఖోబే గారు,
న్తాతే అంటాం మేం, తండ్రిని పిలిచినట్టే,
బల్ల మీద ఒక కుర్చీ పెట్టి
"దీన్ని మాటలతో కొనండి" అన్నాడు.

మంచి కుర్చీ, అని రాశాం. గట్టి కుర్చీ.
ఆయన అన్నీ చదివి, ఒక ముక్కాలి పీట తెచ్చి
"ఇదీ గట్టిదే, బిల్లు చెల్లించండి" అన్నాడు.
గదంతా నవ్వింది, నర్సు తప్ప.
వాళ్ల క్లినిక్‌కి టీకాల ఫ్రిజ్ వచ్చి రెండేళ్లు.
కరెంటు లేని కొండ మీద
అందులో చీపుళ్లు దాచుకుంటున్నారు.
"మంచి ఫ్రిజ్ అని రాసింది నేనే"
అంది, పొయ్యి వైపు చూస్తూ.

అప్పట్నుంచి విశేషణాలంటే నాకు భయం.
ఎత్తు రాస్తాను. బరువు రాస్తాను.
ఎంత మంచుకి పగలకూడదో రాస్తాను.

పదకొండు వారాలు. తర్వాత నా మొదటి టెండరు:
ఖుబేలు నది మీద నడక వంతెన.
ఇనుప పెట్టె, మూడు తాళాలు,
మూడు జేబుల్లో మూడు తాళంచెవులు.
గడువు బుధవారం పొద్దున పది.

పదీ నాలుగుకి వచ్చాడు రాలెఖెతో మేస్త్రీ,
మా బడి గోడలు కట్టినవాడు.
నడుము దాకా తడి.
టోపీ కింద, ప్లాస్టిక్ సంచిలో, కవరు మాత్రం పొడిగా.
"రాత్రి కొండల్లో వాన,
నది తగ్గేదాకా అవతలి గట్టునే నిలబడ్డాను."

అందరూ నా వైపు చూశారు.

గడువంటే గడప కాదు,
ఒక కాలు లోపల పెట్టి మాట్లాడుకోవడానికి.
కవరు విప్పకుండా తిరిగిచ్చాను.
రిజిస్టర్లో సంతకం పెడుతుంటే
ఆయన మోచేతి నుంచి కారిన నీటికి
పది అంకె పక్కన సిరా అలుక్కుపోయింది.
"వంతెన లేక ఆలస్యమైనవాణ్ణి
వంతెన కట్టనివ్వవన్నమాట"
అన్నాడు. కోపంగా కాదు.
పదకొండు వారాల్లో ఏ వారమూ
దీనికి జవాబు చెప్పలేదు.
టీ ఇచ్చాను. చక్కెర ఎక్కువే వేశాను.

కారణం అనే గడిలో
ఒక్క మాట రాశాను: నది.

ఆ మాట నన్ను నిద్రపోనివ్వలేదు.

ఇప్పుడు బడి మరుగుదొడ్ల టెండరు.
వంతెన ఇంకా పునాదుల్లోనే ఉంది.
ఈసారి రెండు పెట్టెలు, ఒకటి అవతలి గట్టున.
రెండూ ఒకే గంటకి మూతపడతాయి.
నది నడుమ నల్లరాయి మీద గీత దాటి నీళ్లొస్తే
గడువు ఒక రోజు జరుగుతుంది,
అందరికీ, ముందుగానే రాసిపెట్టి.
సెఖోబే గారికి పంపితే
"ఇది నేను నేర్పలేదే" అని జవాబు రాశాడు.

ఆ గీత గీయడానికి
అర లీటరు తెల్లరంగు కావాలి.
దానికీ మూడు ధరలు అడిగాను.
టెబెలో నవ్వాడు, నవ్వనీ.

మూడో కవరు రాలెఖెతోది,
ఏదో గోడకి పూయగా మిగిలిన రంగట.
పొడి బట్టలతో వచ్చాడు, గంట ముందు.
నా ముఖం చూడకుండా
గోడ గడియారం చూసి, కవరు వేసి వెళ్లాడు.

తెరవడానికి ఇంకా నలభై నిమిషాలు.
పెట్టె మూత మీద చెయ్యి వేసుకుని
కూర్చున్నాను.
ఇనుము చల్లగా ఉంది.